నల్లరేగడి సీమలో నేత్ర వైద్యం

ఉగాదినాడు వేపపూత పచ్చడి రుచి చూచిన తరువాత పంచాంగం విప్పించి, ఆ యేటి ఆదాయ వ్యయాలు చదివించుకొని వినడం మన పెద్దల ఆచారం. తెలుగునాడు విడిచి వచ్చి ఎన్ని తరాలైనా, ఇంట తెలుగు, బడిలో తమిళం అయిపోయినా, మన ఇండ్లలో చాలావరకు ఈ ఆచారం నిలిచి ఉన్నది. ఈ సంచికకు శాస్త్ర విజ్ఞానం గురించి ఒక వ్యాసం వ్రాయ తలపెట్టినప్పుడు మాకు కూడా ఆ పద్ధతే మంచిదనిపించినది. ఈ విజ్ఞాన యుగంలో మనకు వచ్చిన ఆదాయం ఎంత, దానికి పెట్టిన వ్యయం ఎంత, ఇంకా రావలసిన బాకీ ఎంత అని చూచుకొనడం అవసరం.

విజ్ఞానం చాలా వేగంగా నడుస్తున్నది. 2020లో లోకమంతా కరోనా వ్యాధితో తలుపులు మూసుకొని కూర్చున్నప్పుడు, వ్యాధి బయటపడిన ఏడాదిలోగానే దానికి టీకా తయారైనది. పుట్టుకతో వచ్చే ఒక రకపు అంధత్వానికి జన్యువును సరిచేసే చికిత్సను అమెరికా ప్రభుత్వం 2017లో అనుమతించినది. ఇవి చదివినప్పుడు మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఆ మందు పుట్టిన చోటునుండి మన ఇంటి తిన్నె మీద కూర్చున్న అవ్వ దగ్గరకు రావడానికి ఎంత కాలం పడుతుంది? ఎవరు తెచ్చిపెడతారు? ఎంత ధరకు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతపు నేత్ర వైద్య చరిత్ర చూస్తే చాలును.

మన సీమ

మదురై నుండి దక్షిణంగా పోయే పెద్దబాటలో విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. ఈ ప్రాంతాన్ని తమిళులు కరిసల్ కాడు అంటారు; మన మాటలో నల్లరేగడి. వాన పడితే ప్రత్తి, జొన్న, సజ్జ, మిరప పండుతాయి. పడకపోతే వలస తప్పదు. విజయనగర కాలంలోనూ, పదునారవ శతాబ్దంలో మదురైలో నాయకరాజ్యం వెలసిన తరువాతనూ తెలుగువారు పెద్ద సంఖ్యలో ఈ నేలకు వచ్చి స్థిరపడినారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాలెగాండ్రు తెలుగు ఇంటి భాషగా గలవారే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌వారైన కి. రాజనారాయణన్ గారు ఈ వలస కథనే 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ నవలలో తమిళంలో చెప్పినారు. విరుదునగరం పేరు 1923 వరకు విరుదుపట్టి. కామరాజు గారు 1903లో అక్కడనే జన్మించినారు.

రోజంతా ఎండలో పొలంపని, ఇంట కట్టెలపొయ్యి పొగ, కరవుకాలంలో చాలీచాలని తిండి, వానలు లేనందున అలవడిన అగ్గిపెట్టెల పని, బాణసంచా పని. వీటిలో ప్రతి ఒక్కటీ కంటికి శత్రువే. ఎండ, పొగ, వయసు కలిసి కంటిలో పొర తెస్తాయి. విటమిన్ ఎ లోపిస్తే పిల్లలకు రేచీకటి వస్తుంది. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు కరగిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు ఒక కన్ను పోవడానికి. ఒకప్పుడు మశూచి కూడా ఎందరి కండ్లలోనో పువ్వు వేసి పోయినది. మన దేశంలో ఆఖరి మశూచి 1975లో కనబడినది; 1980 నాటికి లోకంలోనే లేకుండా పోయినది. ఇది విజ్ఞానపు ఆదాయంలో మొదటి పద్దుగా వ్రాసుకొనదగినది.

పొర తీసే విద్య

వయసు మళ్లినవారికి వచ్చే అంధత్వంలో పెద్దపాలు కంటి పొరది. దీనిని మనం శుక్లం అంటాము. తమిళంలో కణ్‌పురై అంటారు. పొర అన్న మాట వినగానే కంటి మీద ఏదో చర్మం పెరిగినట్లు చాలామంది అనుకొంటారు. అది సరి కాదు. కంటిపాప వెనుక అద్దంవలె తేటగా ఉండే ఒక కటకం ఉన్నది. గుడ్డులోని సొన పచ్చిగా ఉన్నప్పుడు తేటగా ఉండి, ఉడికితే తెల్లబడినట్లు, ఈ కటకంలోని మాంసకృత్తులు ఏండ్లు గడిచేకొద్దీ మారి మసకబారుతాయి. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చి చేయలేము గదా! అట్లే ముదిరిన శుక్లాన్ని చుక్కల మందుతోగాని, ఆకు పసరుతోగాని, పథ్యంతోగాని కరిగించలేము. మసకబారిన కటకాన్ని తీసివేయవలసినదే.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో దీనికి శస్త్ర చికిత్స చెప్పబడి ఉన్నది. సన్నని శలాకతో మసకబారిన కటకాన్ని చూపు దారినుండి ప్రక్కకు త్రోసివేయడం ఆ పద్ధతి. తరువాత ఊరూరా తిరిగే వైద్యులు ఈ పనిని చేస్తూ వచ్చినారు. కొందరికి చూపు వచ్చేది. అనేకులకు కన్ను చీము పట్టి పోయేది. ‘కంటికి కత్తి తగిలితే కన్ను పోయినట్లే’ అన్న భయం మన పల్లెలలో అంతగా నాటుకొనడానికి ఇది ఒక కారణం కావచ్చును. కటకాన్ని బయటికే తీసివేసే పద్ధతిని ఫ్రాన్సు దేశంలో జాక్ దవియేల్ అనే వైద్యుడు 1747లో ఆరంభించినాడు.

మద్రాసులో 1819లోనే కంటికి ప్రత్యేకంగా ఆసుపత్రి ఏర్పడినది. ఎగ్మూరులో నేటికీ నడుస్తున్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి అదే. లోకంలోని పాత కంటి ఆసుపత్రులలో ఒకటి. కండ్లకలకకు ‘మద్రాస్ ఐ’ అన్న పేరు కూడా ఈ ఊరినుండి వచ్చినదే. అయితే మద్రాసు ఆసుపత్రి మద్రాసులో ఉన్నది. కోవిల్‌పట్టి పల్లెలో చూపు తగ్గిన ముసలమ్మకు అది కాశీతో సమానం.

లండనులో పెట్టిన కటకం

కటకాన్ని తీసివేస్తే వెలుగు లోపలికి పోతుంది. కాని బొమ్మ కుదరదు. అందుకని తీసివేసిన కటకానికి బదులు ముక్కుమీద దళసరి అద్దాలు పెట్టుకొనవలసి వచ్చేది. మన ఇండ్లలో తాతల నాటి సోడాబుడ్డి కళ్లద్దాలు అవే. వాటితో చూస్తే ప్రతి వస్తువూ పావు వంతుకు పైగా పెద్దదిగా కనబడుతుంది; ప్రక్క చూపు ఉండదు; మెట్టు ఎక్కడ ఉన్నదో కాలికి తెలియదు. పైగా అవి పగిలినా, పోయినా, మళ్లీ గ్రుడ్డితనమే. శస్త్ర చికిత్స అయినా చూపు లేనివారు పల్లెలలో ఎందరో ఉండేవారు.

దీనికి మార్గం అనుకోకుండా యుద్ధంలో దొరికినది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు వాడిన ప్లాస్టిక్ అద్దం తునకలు కొందరు వైమానికుల కండ్లలో గుచ్చుకొన్నవి. మామూలుగా కంటిలో పరాయి వస్తువు పడితే కన్ను ఎర్రబడి వాచి పోరాడుతుంది. కాని ఈ తునకలను కన్ను ఏమీ అనకుండా ఉంచుకొన్నది. లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు దీనిని గమనించి, అటువంటి ప్లాస్టిక్‌తోనే చిన్న కటకం చేయించి, 1949 నవంబరు 29వ తేదీన సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చినాడు. తోటి వైద్యులలో పెద్దలు చాలామంది ఒప్పుకొనలేదు. కంటినుండి వస్తువులు తీయడం వైద్యుని పని, పెట్టడం కాదు అన్నంత వ్యతిరేకత ఎదురైనది. మొదటి కటకాలలో లోపాలు కూడా ఉండెను. అవి సవరించబడి లోకం ఒప్పుకొనడానికి దాదాపు ముప్పది ఏండ్లు పట్టినది. రిడ్లీకి తమ దేశంలో సర్ బిరుదు 2000లో ఇచ్చినారు. తమ వృద్ధాప్యంలో ఆయన కండ్లలో కూడా అటువంటి కటకాలే అమర్చబడినవి.

లండను, అమెరికా ధనికులకు కటకం అమరినది. కాని అప్పటికి మన ఊళ్లలో సోడాబుడ్డి కళ్లద్దాలు కూడా అందనివారు అనేకులు. ఈ దూరాన్ని తగ్గించిన మనిషి ఎక్కడనుండో రాలేదు. మన నల్లరేగడిలోనే పుట్టినాడు.

వడమలాపురం బాలుడు

ఎట్టయపురం సమీపాన అయన్ వడమలాపురం అనే పల్లెలో 1918 అక్టోబరు 1వ తేదీన ఒక రైతు కుటుంబంలో గోవిందప్ప వెంకటస్వామి గారు జన్మించినారు. అయిదుగురు బిడ్డలలో వారే పెద్ద. పలకా, కాగితమూ లేని ఊరిలో, ఏటి ఇసుక తెచ్చి నేలమీద పరచి వ్రేలితో అక్షరాలు దిద్దిన చదువు వారిది. బాల్యంలోనే వారి బంధువులలో ముగ్గురు స్త్రీలు గర్భవతులుగా ఉండి, వైద్యం అందక మరణించినారు. తాను వైద్యుడై ప్రసూతి చికిత్స చేయవలెనన్న కోరిక వారికి అప్పుడే కలిగినది.

మదురై అమెరికన్ కాలేజీలో పట్టం పొంది, మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో 1944లో వైద్య విద్య ముగించి, సైన్యంలో వైద్యుడుగా చేరినారు. అక్కడ తీవ్రమైన కీళ్లవాతం పట్టుకొన్నది. 1948లో సైన్యం విడిచి, చాలాకాలం మంచం పట్టినారు. తిరిగి లేచేసరికి చేతివ్రేళ్లు శాశ్వతంగా వంకరపోయి ఉన్నవి. కలం పట్టడమే కష్టం. ప్రసూతి వైద్యం చేయాలన్న ఆశ అంతటితో సరి.

వేరొకరైతే అక్కడ ఆగిపోయేవారు. వారు ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో చేరి 1951లో నేత్ర వైద్యంలో పెద్ద పట్టం పొందినారు. వంకరపోయిన వ్రేళ్లతోనే శస్త్రం పట్టడం మెల్లమెల్లగా అభ్యాసం చేసినారు. నూలుపోగు అంత మందాన పని చేయవలసిన కంటి మీద ఆ చేతులతో తమ జీవితకాలంలో లక్షకు పైగా శస్త్ర చికిత్సలు చేసినారు. 1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్ర విభాగానికి అధిపతి అయినారు. 1960ల తొలినాళ్ల నుండి ఊళ్లకే వెళ్లి కంటి శిబిరాలు పెట్టడం మొదలుపెట్టినారు. రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి దగ్గరకు పోవలెనన్నది వారి నమ్మకం. 1973లో ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో గౌరవించినది.

పదకొండు పడకలు

1976లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత, ఇతరులు విశ్రాంతి కోరే వయసులో, మదురైలో పదకొండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించినారు. శ్రీ అరవిందుల యందు భక్తి వల్ల ఆ పేరు పెట్టినారు. మన దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ఆరంభమైనది కూడా ఆ యేడే. ధనం లేదు, ఇల్లు తాకట్టు పెట్టి, కుటుంబపు నగలు కుదువపెట్టి పని సాగించినారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్ గారు, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి గారు, తమ్ముడు శ్రీనివాసన్ గారు, ఇట్లా ఇంటిల్లిపాదీ ఇందులో చేరినారు. నంపెరుమాళ్‌సామి గారికి 2007లోనూ, నాచ్చియార్ గారికి 2024లోనూ పద్మశ్రీ లభించినది.

ఆ ఆసుపత్రి నడచిన తీరు తెలుసుకొనదగినది. డబ్బు ఇవ్వగలవారి దగ్గర రుసుము తీసుకొంటారు. ఆ మిగులుతో ఇవ్వలేనివారికి ఉచితంగా చేస్తారు. శస్త్రశాలలో ఒక వైద్యునికి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్లమీద చికిత్స ముగిసేలోగా రెండవ బల్లమీద రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. వైద్యుడు సూక్ష్మదర్శినిని ఇటునుండి అటు త్రిప్పుకొంటే చాలును. ఒక్క నిమిషం వృథా కాదు. రోగులను సిద్ధపరచడం, కొలతలు తీయడం, పరికరాలు అందించడం, ధైర్యం చెప్పడం, ఇవన్నీ పల్లెలనుండి వచ్చిన యువతులు చేస్తారు. పెద్ద చదువులు లేని ఆడపిల్లలకు రెండేండ్లు తర్ఫీదు ఇచ్చి ఈ పనిలో నిపుణులను చేస్తారు. నేత్ర వైద్యంతోపాటు మన సీమ ఆడపిల్లలకు ఒక గౌరవమైన వృత్తి కూడా దీనివల్ల లభించినది.

1988లో తిరునెల్వేలిలో కూడా వారి ఆసుపత్రి ఏర్పడినది. అంటే కోవిల్‌పట్టికి ఉత్తరాన మదురై, దక్షిణాన తిరునెల్వేలి, రెండు ప్రక్కలా దారి తెరచుకొన్నది. అక్కడి ఆసుపత్రులన్నిటిలో కలిపి శస్త్ర, లేసరు చికిత్సలు ఏటా నాలుగు లక్షలకు పైగా జరుగుతున్నవి. వాటిలో సుమారు సగం ఉచితంగానో, చాలా తక్కువ ధరకో చేసేవే.

కటకం ధర

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలినది. డబ్బు ఉన్న రోగికి కంటిలో కటకం, పేద రోగికి సోడాబుడ్డి కళ్లద్దాలు. కటకం దిగుమతి చేసుకొంటే ఒక్కొక్కటి వంద డాలర్ల మాట. ‘పల్లెటూరి పేదవారికి కటకం అనవసరం, అద్దాలు చాలు’ అన్నవారు నిపుణులలో కూడా లేకపోలేదు. ఈ తేడాను వెంకటస్వామి గారు ఒప్పుకొనలేదు.

మశూచి నిర్మూలనలో పనిచేసిన లారీ బ్రిలియంట్ మొదలైనవారు 1978లో అమెరికాలో సేవా ఫౌండేషన్ స్థాపించినప్పుడు వెంకటస్వామి గారు కూడా అందులో ఒకరు. ఆ సంస్థకు చెందిన డేవిడ్ గ్రీన్ సహాయంతో 1992లో మదురైలోనే ఆరోల్యాబ్ అనే కర్మాగారం ఆరంభమైనది. అక్కడ కటకాలు తయారుచేసి సుమారు పది డాలర్లకు ఇవ్వగలిగినారు. ఆ తరువాత ధర ఇంకా తగ్గినది. ఈనాడు ఆ కటకాలు వందకు పైగా దేశాలకు పోతున్నవి. వైద్యానికి కావలసిన వస్తువులను పడమటి దేశాలనుండి తెచ్చుకొన్న మదురై, ఆ దేశాల వైద్యులు నేర్చుకొనడానికి వచ్చే ఊరైనది.

పేదవారికి కటకం మేలా, అద్దాలు మేలా అన్న వాదాన్ని మాటలతో కాక పరీక్షతో తేల్చినారు. మదురైలో మూడువేలకు పైగా రోగులను రెండు విధాల చికిత్సకు చీట్లు వేసినట్లు పంచి, వారి చూపునూ, దినచర్యనూ పరిశీలించినారు. ఫలితాలు 1998లో వెలువడినవి. కటకం అమర్చినవారే మేలుగా ఉన్నారు. అపాయమేమీ ఎక్కువ కాలేదు. ఆ తరువాత కుట్లు అక్కరలేని చిన్న గాటు పద్ధతి వ్యాపించినది. వారాల తరబడి తల కదల్చకుండా పడుకొన్న తాతల కాలం పోయి, నిమిషాలలో చికిత్స ముగిసి, మరునాడు కట్టు విప్పితే మనుమని ముఖం గుర్తుపట్టే కాలం వచ్చినది.

లండనులో 1949. మదురైలో చౌక కటకం 1992. నడుమ నలుబది మూడేండ్లు. ఆ నలుబది మూడేండ్లలో మన ఇండ్లలో ఎందరు పెద్దలు చీకటిలోనే కన్నుమూసినారో లెక్క వేసినవారు లేరు. విజ్ఞానపు వ్యయం పట్టికలో ఇది కూడా వ్రాయవలసినదే.

తెలుగునాట జరిగిన కృషిని కూడా ఇక్కడ స్మరించవలెను. అమెరికాలోని రోచెస్టర్ నుండి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో కంటి వైద్య సంస్థను ఆరంభించినారు. బ్రతుకుతెరువుకు బొంబాయి, మద్రాసు చేరి సినిమా నిర్మాతగా పేరు పొందిన ఎల్.వి. ప్రసాద్ గారు దానికి స్థలమూ ధనమూ ఇచ్చినారు. వలసపోయిన తెలుగువాడు సంపాదించిన ధనం ఎట్లా సార్థకం కాగలదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలును.

ఉచితమైనా రానివారు

వైద్యుడు ఉన్నాడు, కటకం ఉన్నది, రుసుము లేదు. ఇక అందరూ వచ్చి చూపు తెచ్చుకొని ఉండవలెను గదా? అట్లా జరుగలేదు. దక్షిణ తమిళనాడు పల్లెలలో అరవింద ఆసుపత్రివారు, విదేశ శాస్త్రజ్ఞులు కలిసి జరిపిన ఒక పరిశీలన 1999లో ప్రకటితమైనది. శిబిరం తమ ఊరి దగ్గరకే వచ్చినా, కంటి బాధ ఉన్నవారిలో నూటికి ఏడుగురు మాత్రమే అక్కడికి వెళ్లినారని అందులో తేలినది.

తక్కినవారు ఎందుకు రాలేదు? బస్సుకు డబ్బు లేదు. వెంట రావడానికి మనిషి లేడు. తోడు వచ్చే కొడుకుకు ఆ రోజు కూలి పోతుంది. చికిత్స అంటే భయం. ‘ఈ వయసులో నాకు చూపెందుకులే’ అన్న నిరాశ. ముఖ్యంగా స్త్రీల విషయంలో ఇది ఎక్కువ. ఇంట తాతకు పొర వస్తే వెంటనే బయలుదేరుతాము. అవ్వకు వస్తే పంట కోతలు కానీ, పెండ్లి కానీ అంటాము. అవ్వ కూడా నోరు తెరచి అడుగదు. వంటగదిలో తడుముకొంటూ పని చేసుకొంటుంది. అడిగితే ‘కనబడుతున్నదిలే’ అంటుంది.

ఉచితం అన్నంత మాత్రాన ఖర్చు లేనట్లు కాదని గ్రహించి, ఆసుపత్రివారే బస్సులో తీసుకొనిపోయి, భోజనం పెట్టి, తిరిగి ఊరిలో దింపే ఏర్పాటు చేసినారు. 2004 నుండి చిన్న ఊళ్లలో దృష్టి కేంద్రాలు పెట్టడం మొదలైనది. అక్కడ తర్ఫీదు పొందిన ఆడపిల్ల కంటిని పరీక్షిస్తే, మదురైలోని వైద్యుడు తెరమీద చూచి రోగితో మాట్లాడుతాడు. మొదట్లో ఇంటర్నెట్టు సరిగా లేని ఊళ్లకు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖవారు చౌక రేడియో పరికరాలతో దూరపు వైర్‌లెస్ సంబంధం ఏర్పరచినారు. అటువంటి కేంద్రాలు ఇప్పుడు వందకు పైగా ఉన్నవి. ప్రభుత్వ వైద్యం కూడా దగ్గరకు వచ్చినది. విరుదునగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైనది.

చక్కెర వ్యాధి – యంత్రపు కన్ను

శుక్లం తీస్తే చూపు తిరిగి వస్తుంది. ఇప్పుడు వస్తున్న మరొక శత్రువు అట్లాంటిది కాదు. అది చక్కెర వ్యాధి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో పదికోట్లకు పైగా ప్రజలకు ఈ వ్యాధి ఉన్నది. రాగి సంకటి, జొన్నన్నం తిని పొలానికి నడచిన కుటుంబాలు మూడు పూటలా తెల్లటి వరి అన్నం తిని, కుర్చీలో కూర్చొని, నడుమ నడుమ కోవిల్‌పట్టి కడలై మిఠాయి నములుతున్నప్పుడు ఈ వ్యాధి వస్తే ఆశ్చర్యం లేదు.

కంటి వెనుక బొమ్మ పడే తెరను రెటీనా అంటారు. చక్కెర ఎక్కువైతే ఆ తెరలోని వెంట్రుకవంటి రక్తనాళాలు దెబ్బతిని కారుతాయి. దీనికి నొప్పి లేదు, ఎరుపు లేదు. చాలాకాలం చూపు కూడా బాగానే ఉంటుంది. చూపు తగ్గినదని తెలిసేసరికి ఆలస్యం అయి ఉంటుంది. లేసరు కిరణాలతోనూ, కంటిలో వేసే సూదిమందుతోనూ వ్యాధిని అదుపు చేయవచ్చును; కాని పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. కనుక బాగా కనబడుతున్నప్పుడే పరీక్ష చేయించుకొనవలెను. మన మనసు ఒప్పుకొననిది సరిగా ఇదే.

పదికోట్లమంది రెటీనాలను ఏటేటా చూడడానికి కంటి వైద్యులు చాలరు. అందుకని యంత్రానికి చూడడం నేర్పే ప్రయత్నం జరిగినది. గూగుల్ శాస్త్రజ్ఞులు ఒక లక్షా ఇరవై ఎనిమిది వేల రెటీనా ఛాయాచిత్రాలను గణకయంత్రానికి చూపి, ఏది వ్యాధి, ఏది కాదు అని నేర్పినారు. వైద్యుల నిర్ణయాలతో పోల్చదగినంత బాగా యంత్రం చెప్పగలిగినదని 2016లో ప్రకటించినారు. ఆ చిత్రాలలో మన దేశపు ఆసుపత్రులవి కూడా ఉన్నవి. మదురై అరవింద, చెన్నై శంకర నేత్రాలయ వాటిలో ఉన్నవి. 2019లో ఆ రెండు ఆసుపత్రులలోనే రోగులపై నేరుగా పరీక్షించి చూచినారు.

యంత్రం సర్వజ్ఞం అని అనుకొనరాదు. థాయిలాండులో ఇటువంటి యంత్రాన్ని పల్లె వైద్యశాలలలో పెట్టినప్పుడు, వెలుతురు సరిగా లేని గదులలో తీసిన చిత్రాలలో అయిదింట ఒక వంతును అది తీసుకొననే లేదని 2020లో వెలువడిన పరిశీలన చెప్పినది. చిత్రం తీసే మనిషి, గది, తెర, వ్యాధి అని తేలిన తరువాత చికిత్స చేసే వైద్యుడు, ఇవన్నీ ఉంటేనే యంత్రం పనికి వస్తుంది. అయినా ఒక్క సంగతి గమనించవలెను. లండను కటకం మన దగ్గరకు రావడానికి నలుబది ఏండ్లకు పైగా పట్టినది. ఈ కొత్త విద్య పుట్టినప్పుడే మదురై అందులో భాగస్వామి. దారి దగ్గరైనది.

దారి అన్నిటికీ దగ్గర కాలేదని కూడా తెలుసుకొందాము. మొదట చెప్పిన జన్యు చికిత్సకు అమెరికాలో రెండు కండ్లకు కలిపి పెట్టిన ధర ఎనిమిది లక్షల యాభైవేల డాలర్లు. 1949 నాటి కటకంవలె అది ఇప్పుడు దూరాన ఉన్నది. దానిని పది డాలర్లవైపు నడిపించే మనిషి మళ్లీ ఏ వడమలాపురంలో ఇసుకమీద అక్షరాలు దిద్దుతున్నాడో మనకు తెలియదు. మన పిల్లలలో ఒకరు కాకూడదా?

మన కర్తవ్యం

వెంకటస్వామి గారు 2006 జూలై 7వ తేదీన పరమపదించినారు. వారు లండనుకూ మదురైకీ నడుమ దూరం తగ్గించినారు. మదురైకీ పల్లెకూ నడుమ దూరం తగ్గించినారు. పల్లెలోని తిన్నె మీదినుండి బస్సు దాకా ఉన్న దూరం మాత్రం మనది. దానిని ఏ వైద్యుడూ, ఏ యంత్రమూ తగ్గించలేదు.

కనుక ఈ సంచిక చదివే ప్రతి కుటుంబానికీ మా మనవి ఇది. ఇంట అరువది దాటిన పెద్దల కండ్లను ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించండి. అవ్వ అడిగేదాకా ఆగకండి. చక్కెర వ్యాధి ఉన్న ప్రతివారూ, చూపు ఎంత బాగున్నా, ఏటా కంటిపాప పెద్దది చేసి రెటీనా చూపించుకొనండి. నీటికాసుల వ్యాధి కూడా చప్పుడు లేకుండా చూపు తినేదే. నలుబది దాటినవారు, ముఖ్యంగా ఇంట ఎవరికైనా ఆ వ్యాధి ఉన్నవారు, కంటి ఒత్తిడి చూపించుకొనండి. బడి పిల్లవాడు బల్లమీది అక్షరాలు చదవలేకపోతే మందబుద్ధి అని తిట్టకముందు కళ్లద్దాలు కావలెనేమో చూడండి. అగ్గిపెట్టెల, బాణసంచా పనిలో ఉన్నవారు కంటికి రక్షణ అద్దాలు లేకుండా పనికి కూర్చొనకండి. మరణించిన తరువాత కండ్లను దానం చేయడానికి ఇంటిలో ముందే చెప్పి ఉంచండి.

మన సంఘాలు పండుగలకు పందిళ్లు వేస్తున్నవి, పాటలు పాడిస్తున్నవి, మంచిదే. ఏడాదికి ఒక ఆదివారం ఒక కంటి శిబిరానికి పెద్దలను వెంట తీసుకొనిపోయే బాధ్యత కూడా తీసుకొంటే బాగుండును. ధనం అంతగా అక్కరలేదు. వెంట నడిచే మనిషి కావలెను. ఒంటరిగా ఉన్న ముసలివారి చేయి పట్టుకొని బస్సు ఎక్కించి, మరునాడు కట్టు విప్పేవేళ ప్రక్కన నిలుచుంటే చాలును.

ఈ నూతన సంవత్సరంలో మన ఇండ్లలోని పెద్దలందరూ తమ మనుమలనూ, మనుమరాండ్రనూ స్పష్టంగా కండ్లారా చూచుకొందురు గాక అని కోరుచున్నాము.